దొర వేషం దగ్గర ఆగండి

ఇంగ్లీషు ఎం.ఎ. పట్టా అందుకుంటున్న మీలో చాలామంది రేపు పాఠాలు చెప్పబోతున్నారు. అందుకే ఒక్క పాఠం గురించే మాట్లాడతాను. గోథిక్ నవలల్లోని ప్రతీకలు ఎలా చెప్పాలి?

గైడ్లలో ఇది చాలా సులువు. కోట అంటే అధికారం, సొరంగం అంటే మనసు లోతు. పిల్లలు బట్టీపడతారు, మార్కులూ వస్తాయి. భయం మాత్రం ఎవరికీ తగలదు. భయం తగలకపోతే ఆ ప్రతీకలు వట్టి పదాలే.

గోథిక్ కోవలో మొదటిదని చెప్పే నవల, హొరేస్ వాల్‌పోల్ 1764లో తెచ్చిన 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'. పెళ్లిరోజునే ఆ కోట ప్రభువు మాన్‌ఫ్రెడ్ కొడుకు ఓ బ్రహ్మాండమైన శిరస్త్రాణం కింద నలిగి చస్తాడు. ఆ రోజే మాన్‌ఫ్రెడ్, కట్టుకున్న హిప్పోలిటాను వదిలేసి, కోడలు కావలసిన ఇసబెల్లాను తానే చేసుకుంటానంటాడు. ఆ పిల్ల కోట కింది సొరంగంలో పడి పరుగెడుతుంది. గాలికి చేతిలో దీపం ఆరిపోతుంది.

తిరుపతి పిల్లలకు ఇది తెలియని కథా? కొత్త పెళ్లికూతుళ్లను చెరబట్టే పాళెగాణ్ణి ఏటా గంగమ్మ జాతరలో తలుచుకుంటూనే ఉన్నాం. కొండమీది స్వామికి చెల్లెలిగా సారె అందుకునే తాతయ్యగుంట గంగమ్మ బైరాగిగా, బండగా, తోటిగా వేషాలు మార్చి వాణ్ణి వెతుకుతుంది. చివరికి దొర వేషం కడితే, ఎవరో దొర వచ్చాడనుకుని వాడు బయటికొస్తాడు. తల తెగుతుంది. ఇక్కడ ఆగి అడగండి: అమ్మకు జడిసి దాక్కున్నవాణ్ణి ఆ దొర దుస్తులు ఎలా బయటికి లాగాయి? పిల్లల్నే చెప్పనివ్వండి, తొందరపెట్టకండి.

అప్పుడు శిరస్త్రాణం దగ్గరికి రండి. మాన్‌ఫ్రెడ్ తాత విషం పెట్టి చంపి గద్దె కాజేసిన ఆల్ఫోన్సో విగ్రహానికున్నది అచ్చం అలాంటిదే. ఆ బరువు ఆ తాత ముని మనవడి మీద పడింది. ఇది గైడు చెప్పక్కర్లేదు, దొర వేషం చూసిన పిల్లవాడు పట్టుకుంటాడు.

పోలిక దగ్గరే ఆగిపోకండి. ఇసబెల్లా పారిపోతుంది, గంగమ్మ వెంటాడుతుంది. నాకు అంతకన్నా విలువైనది మర్నాటి మాతంగి వేషం. పాళెగాడు చచ్చాక, వాడి భార్యను ఓదార్చడానికి ఆ అమ్మే వెళుతుందని మనవాళ్లు చెప్పుకుంటారు. హిప్పోలిటా చివరికి మఠంలో చేరిపోతుంది. ఆమెను ఓదార్చడానికి ఆ నవలలో ఎవరు వెళ్లారో మీ మొదటి క్లాసులోనే వెతికించండి.