దొరల భాష దఫ్తరము చేరిన విధము



ఇంగ్లీషు భాష భూగోళమంతట వ్యాపించుటకు దాని సాహిత్యమహిమయే కారణమని పలువురు తలచుచుందురు. చరిత్ర వేరొక మాట చెప్పుచున్నది. 1607లో అమెరికాలోని జేమ్సుటౌనునందును, 1788లో ఆస్ట్రేలియాలోని సిడ్నీయందును ఆంగ్లేయులు కాపురములు పెట్టిరి. అచ్చట భాష మనుష్యులతోపాటు ఓడ దిగినది. ఆ నేలల పూర్వభాషలు అనేకము అంతరించినవి. కొద్దిమంది దొరలు కోట్లమందిని ఏలిన భారతదేశమున అట్లు జరుగలేదు. ఇచ్చటికి ఇంగ్లీషు వచ్చినది వలసవలన గాదు, కొలువువలన.

తెలుగునాటి సంగతియే చూడుడు. ఈస్టిండియా కంపెనీవారి గ్లోబు అను ఓడ 1611లో మచిలీపట్టణము చేరినది. ఆనాటి రేవులలో పరదేశీయుల బేరసారములకు అక్కఱకు వచ్చినది పోర్చుగీసు. కంపెనీ మతాచార్యులు దానిని నేర్చుకొనవలెనని 1698 నాటి రాజశాసనమే విధించినది. మిగిలిన పని దుబాసీలది. ద్విభాషియే వాడుకలో దుబాసీ యైనాడు. 1812లో మదరాసు సెంటు జార్జి కోట కళాశాలను స్థాపించి కంపెనీ యువకోద్యోగులకు దేశభాషలు నేర్పిరి. 1817లో మదరాసు చేరిన బ్రౌనుదొర ఉద్యోగధర్మముగానే తెలుగు మొదలిడెను. ఆ విధి ప్రేమగా మాఱి 1852లో నిఘంటువైనది. నేర్చుకొనవలసిన అగత్యము అంతదనుక దొరలదే!

పిమ్మట తక్కెడ తిరుగబడినది. 1835లో మెకాలే నివేదికయు, బెంటింకు తీర్మానమును వెలువడినవి. ఇవి అందఱెఱిగినవే. అంతకంటె బలముగా పనిచేసినది 1844 నాటి హార్డింజి ఉత్తరువు. ఇంగ్లీషు చదివినవారికి ప్రభుత్వోద్యోగములలో ప్రాధాన్యమీయవలెనని దాని సారాంశము. మెకాలే పేరు విననివాడు సయితము దీని విలువ గ్రహించెను. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు వెలసిన తరువాత పట్టము లేనిదే పెద్దకొలువు లేదను భావము స్థిరపడినది.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడినది. అందు అగ్నిహోత్రావధానులు కుమారుని ఇంగ్లీషు చదువునకైన వ్యయమును తిట్టిపోయుచునే, వ్యాజ్యపు కాగితముల మాట రాగా ఇంగ్లీషు వచ్చిన గిరీశమును ఆదరించును. నవ్వు పుట్టించు ఘట్టమే గాని, ఆనాటి తండ్రుల లెక్క అంతయు అందే యున్నది.

గ్రామకరణము తన లెక్కలు తెలుగుననే వ్రాసెను. కాగితము తాలూకా దాటి పైకి పోవుకొలది ఇంగ్లీషయ్యెను. పైకోర్టులో తన భూమినిగూర్చి వచ్చిన తీర్పును రైతు పరులచే చదివించుకొని, వారు చెప్పినదే నమ్మవలసివచ్చెను. కోల్పోయినది కవిత్వము గాదు. చట్టము, పాలన, శాస్త్రము తెలుగున పెరుగవలసిన నూఱేండ్లు.

దొరలు వెడలినను ఈ ఏర్పాటు తొలగలేదు. 1950 నాటి రాజ్యాంగము ఇంగ్లీషునకు పదునైదేండ్ల గడువిచ్చినది; 1963 నాటి అధికారభాషల చట్టము, 1967 నాటి సవరణ దానిని కొనసాగనిచ్చినవి. 1960లో స్వతంత్రమైన నైజీరియాయు ఇంగ్లీషునే పాలనాభాషగా నుంచుకొన్నది. పెక్కు భాషల దేశములలో ఒకరి భాషకు మఱియొకరు సమ్మతించుట కష్టము.

దఫ్తరపు ఇంగ్లీషునకును, ఇంటి తెలుగునకును నడుమ బ్రదికినవారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారిని ఇచట స్మరింపవలెను. ఆయన మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీ. ఇంగ్లీషే ఆయన జీవనాధారము. 1830-31లో కాశికి పోయి వచ్చుచు, త్రోవలోని ఊళ్లను, నదులను, ఆచారములను తెలుగున వ్రాసి మిత్రునకు పంపుచుండెను. ఆ మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారు. 1838లో కాశీయాత్ర చరిత్రను అచ్చు వేయించినవారు వారే.