చిప్పుల విద్యకు ఏ శాఖ చదువవలెను?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పద్దులు వ్రాయువానికి ఇంజనీరింగు సంగతి యేల యని కొందరికి తోచవచ్చును. మన చందాదారులలో ఒక కోయ రైతు కుమార్తె ఎప్‌సెట్ ర్యాంకు తెచ్చుకొని నా బల్ల యెదుట నిలిచి, “బాబాయిగారూ, నేను చిప్పుల పని నేర్చుకుంటాను. అందరూ కంప్యూటరే పెట్టమంటున్నారు. ఏం పెట్టను?” అని యడిగినది.

నాకు వెంటనే నోరాడలేదు. పదేండ్ల క్రిందట ఇరుగుపొరుగు మాట విని, రసాయనశాస్త్రమనిన ప్రాణము పెట్టు నా కుమారునిచే కంప్యూటరు శాఖ వ్రాయించితిని. నాలుగేండ్లు చదివెను గాని వానికి మనసు నిలువలేదు. ఆ లెక్కలో తప్పు నాదే. కావున ఈ పర్యాయము కళాశాలల పాఠ్యప్రణాళికలు చదివి చెప్పవలెనని పూనితిని.

భారతమున మయుడు పాండవులకు సభ కట్టుటకు ముందు బిందుసరస్సునకు పోయి అచటి సామగ్రి తెచ్చుకొనెను. రూపకల్పన యొకటి, పదార్థము నెరుగుట వేరొకటి. చిప్పు విషయమును ఇంతే.

హైదరాబాదులో క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ వంటి సంస్థలలో జరుగునది ప్రధానముగా రూపకల్పన. గోరంత పలకపై కోట్లకొలది ట్రాన్సిస్టర్లను అమర్చు తీరు నిర్ణయించు పని యది. దానికి ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ రాజమార్గము. 2023లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి వి.ఎల్.ఎస్.ఐ. రూపకల్పనకే ప్రత్యేకముగా ఒక బి.టెక్. ప్రణాళికను వెలువరించినది. కంప్యూటరు చదివినవారికిని చిప్పులను పరీక్షించు ప్రోగ్రాములు వ్రాయు పని కలదు. సర్క్యూట్లు వేరుగా నేర్వవలసి యుండును.

తయారీ వేరు. మన గోదావరి ఇసుకలోను సిలికానున్నది. అయితే చిప్పులకు మేలైన పలుగురాతి నుండి తీసి, నూరు కోట్ల పాళ్లలో ఒక పాలైనను మాలిన్యము మిగులనంతగా శుద్ధి చేయుదురు. పిదప పలకలుగా కోసి, వాయువులతోను ఆమ్లములతోను పొరలు పొరలుగా నిర్మింతురు. సారపాక మిల్లులో కర్ర గుజ్జగుట నెరిగిన మనకు ఇది మరీ వింత గాదు. రసాయన పరిశ్రమకు ఇదియు చుట్టమే. (శుచి మాత్రము ఆపరేషను గదిని మించినది!) ఇందుకు కెమికల్, మెటలర్జీ, భౌతికశాస్త్రము చదివినవారు కావలెను. మెటలర్జీ శాఖ వరంగల్ ఎన్.ఐ.టి.లో జె.ఇ.ఇ. ర్యాంకుకు, హైదరాబాదు జె.ఎన్.టి.యు.లో ఎప్‌సెట్ ర్యాంకుకు లభించును. బాసరలో పదవ తరగతి మార్కులపైననే ప్రవేశము.

ఒక కష్టమును దాచలేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రము అనుమతించిన 91,000 కోట్ల రూపాయల టాటా కర్మాగారము గుజరాతులోని ధోలేరాకు చెందినది. తయారీ పని కోరిన పిల్ల ఇల్లు విడిచి అంత దూరము పోవలసి రావచ్చును. ఆ మాట తల్లిదండ్రుల యెదుటనే చెప్పితిని. తల్లి చాలసేపు మాటాడలేదు.

మూడు దినములు ఆలోచించి ఆ పిల్ల మొదట ఎలక్ట్రానిక్స్, పిదప మెటలర్జీ, కెమికల్ వ్రాసి, కంప్యూటరు చివర నుంచినది. సీటు మెటలర్జీలో వచ్చినది. పోవుచు, ఆ శాస్త్రపు పుస్తకమేదైన నున్నదా యని యడిగినది. మన పట్టికలో ఒక్కటియు లేదు. రజతోత్సవ నిధి నుండి కొన్ని కొనవలెనని కార్యవర్గమును కోరుచు సెలవు తీసికొనుచున్నాను.