బాలికల క్రీడాశిక్షణ – తల్లిదండ్రుల సేవ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



పోతనామాత్యుని భాగవతమున నరకాసురునితోడి యుద్ధ ఘట్టము తెలుగువారికెల్లరకు పరిచితమే. అందు పోరునకు ఉత్సహించి ముందు నిలిచినది సత్యభామ. ఆమె ఉత్సాహమును కనిపెట్టి విల్లు చేతికందించినవాడు శ్రీకృష్ణుడు. అందించి తొలగిపోలేదు, ప్రక్కనే నిలిచినాడు. బాణములు మాత్రము ఆమెయే వేసినది. ఈ ఘట్టమును పురాణ కాలక్షేపమున విని తలలూపు గృహస్థులే, కూతురు బంతి చేతబట్టి వీధికి బయలుదేరినపుడు "ఆడపిల్లకు ఆటలేల?" అందురు. కథలో అందిన విల్లు ఇంటిలో అందకున్నది. ఈ ప్రసంగమునకు విషయమదియే.

ఆడపిల్లకు ఆట క్రొత్తది కాదు. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి తూకమున్నది, చెమ్మచెక్కలో తాళమున్నది, అచ్చనగండ్లలో కంటికిని చేతికిని పొత్తున్నది. ఇవి ఏ బడిలోను నేర్పిన విద్యలు కావు. తల్లియో, మేనత్తయో, అమ్మమ్మయో వాకిట కూర్చుండబెట్టి నేర్పినవి. జీతము లేని శిక్షకురాలు తెలుగింట అనాదిగా ఉన్నదే. అయితే ఆ శిక్షణ వాకిలి దాటదు. మగపిల్లవాడు మైదానమునకు పోవ నేర్చు వయసుననే ఆడపిల్ల మైదానము విడుచుచున్నది.

కారణము విచారించినచో అది చేతగానితనము కాదని తెలియును. ప్రొద్దు గ్రుంకిన తరువాత ఇంటికి తోడెవరు? పొరుగూరి పోటీకి వెంట ఎవరు పోవుదురు? దెబ్బ తగిలినను, ఆడపిల్లకు సహజమగు ఇబ్బంది కలిగినను ఎవరితో చెప్పుకొనును? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేనిచోట ఎంత నేర్పరియైన పిల్లయు ఇంటనే కూర్చుండును. వ్యాయామోపాధ్యాయుడు ఆట నేర్పగలడు. ఈ ప్రశ్నలకు మాత్రము మైదానపు గట్టున నిలిచిన ఒక తల్లియో తండ్రియో జవాబు కావలయును.

2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు తొలిసారిగా బరువులెత్తు పోటీ పెట్టిరి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో మొదట 110, పిదప 130, వెరసి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకమును గెలిచెను. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఆమెకు గురువు నేర్పిన విద్య ఎంత బలమో, తల్లి ఇచ్చిన ప్రోత్సాహమును అంత బలము.

ఆ విజయము ఎచ్చటనో హర్యానా రాష్ట్రమున బలాలి గ్రామములోని మహావీర్ సింగ్ ఫోగట్ అను మల్లునకు ప్రేరణయైనది. ఆయన గురువు చందగీరాం తన కుమార్తెలకు కుస్తీ నేర్పియుండుట మరియొక ప్రేరణ. మహావీర్ తన కుమార్తెలను గోదాలోనికి దింపెను. ఊరు ఎగతాళి చేసినది. సాటి బాలికలు దొరకక మగపిల్లలతోనే పట్లు పట్టించెను. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో పెద్ద కుమార్తె గీత స్వర్ణ పతకము గెలిచెను. 2014లో గ్లాస్గో నగరమున బబిత గెలిచెను. అంతకంటె స్మరింపదగినది వేరొకటి కలదు. తండ్రిని కోల్పోయిన సోదరుని బిడ్డలకును ఆయనయే నేర్పెను. వారిలో వినేశ్ 2014, 2018, 2022 కామన్వెల్త్ క్రీడలు మూడింటను స్వర్ణము సాధించెను. తన బిడ్డకు నేర్పుట మమకారము. ఆ గోదాలోనే మరియొకరి బిడ్డకు చోటిచ్చుట సేవ. తెలుగు పల్లెలోని ఒక పిల్ల గెలుపు ఉత్తరాది పల్లెలోని ఒక తండ్రి చేత విల్లందింపజేసినది.

తెలుగునాటను ఇట్టివారు లేకపోలేదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి చదరంగమున తండ్రి అశోక్ గురువు. ఆమె 2002లో పదునైదేండ్ల వయసున గ్రాండ్ మాస్టర్ అయ్యెను. 2019లోను, 2024లోను ర్యాపిడ్ చదరంగమున ప్రపంచ విజేతగా నిలిచెను. పి.వి. సింధు తల్లిదండ్రులిరువురును వాలీబాల్ ఆడినవారు. తండ్రి రమణ 1986 ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన జట్టులోనివాడు. అయినను కూతురు బ్యాడ్మింటన్ కోరినపుడు తమ ఆటను ఆమెపై రుద్దలేదు. తగిన గురువునకు అప్పగించి తాము వెంట నడిచిరి. 2016లో రియోలో రజతము, 2019లో ప్రపంచ విజేత పదవి, 2021లో టోక్యోలో కాంస్యము లభించినవి. ఒక తండ్రి తానే నేర్పెను. ఒక తండ్రి నేర్పువానికి అప్పగించెను. బిడ్డ కోర్కెను ఎరుగుట రెండింటికిని మూలము.

గుణములు చెప్పి దోషములు విడుచుట చిట్టాలో జమ వ్రాసి ఖర్చు మరచుట వంటిది. శిక్షకుడైన తండ్రి తన కూతురికే జట్టులో ముందుచోటు ఇచ్చినచో తక్కిన బాలికల మనసు విరుగును. తనకు తీరని కోరికను బిడ్డ భుజములపై మోపినచో ఆట శిక్షయగును. ఓడిన పిల్లను పదిమందిలో కసరినచో ఆమె మరల రాదు. అరకొర తెలివితో నేర్పినచో కీళ్లు చెడును. కావున జట్టు ఎంపిక వేరొకరి చేతిలో ఉంచవలయును. నియమములు చదివి, తెలిసినవారి నడిగి నేర్వవలయును. బాలికల శిక్షణ వేళ ఒక్క పురుషుడే ఉండక ఇద్దరు పెద్దలు, అందొకరు స్త్రీ, తప్పక ఉండవలయును. ఇంట కొడుకునకు పోయు పాలు కూతురికిని పోయవలయును. ఇది లేని శిక్షణ పునాది లేని గోడ.

దీనికి పెద్ద ధనము అక్కరలేదు. చెడుగుడునే తీసికొందము. నేటి కబడ్డీ అదియే. 2010లో ఆసియా క్రీడలలో స్త్రీల కబడ్డీ ప్రవేశపెట్టినపుడు తొలి స్వర్ణము భారత జట్టునకే దక్కెను. స్త్రీల ఆటకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పుగల చోటు చాలును. రాళ్లేరిన మెత్తని నేల, గీతలకింత సున్నము, కాలము చూచుటకు ఒక గడియారము ఉన్న చాలును. ఆరు జంటలు వారమునకొక్క సాయంకాలము చొప్పున గంటసేపు నిలిచినచో ఆరు దినములు గడచును. ఏడవ దినము విశ్రాంతి. ఒక్కొక్క జంటకు ఏడాది మొత్తమున పడు భారము 52 గంటలు. అరుగుమీది పొద్దుపోక కబుర్లలో అంతకంటె ఎక్కువయే వ్యయమగుచున్నది.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినది ఎట్లు? ప్రతి సాయంకాలము ఎవరో ఒకరు ప్రతిఫలము కోరక తాళము తీసి, దీపము వెలిగించి, పుస్తకము అందించుటచేతనే. అందినవారెల్లరు పండితులు కాలేదు. అయినను ఆ గంట వృథా కాలేదు. ఆటయు అట్టిదే. పతకము ఏ ఒక్కరికో దక్కును. పడి లేచుట, ఓడి నవ్వుట, తన కాలిపై తాను నమ్మకముంచుట అను మూడును ఆడిన ప్రతి పిల్లకు దక్కును. రేపు అత్తవారింటనైనను, ఉద్యోగమునైనను ఆమెకు అక్కరకు వచ్చునవి అవియే.

పుస్తకమందించిన చేతులు ఈ ఊరిలో కొదువ కావు. ఆ చేతులే కూతుండ్రకు బంతి అందించి, మైదానపు గట్టున నిలుచుగాక! ఆట వారిదే, తోడు మాత్రము పెద్దలది.

స్వస్తి.