లెక్సస్ కొని ఏడాది: ఎంత పోయింది, ఏం మిగిలింది

 

పోయిన నెల జీతం బకాయిల గురించి మాట్లాడుతూ మాటల్లో మాటగా నా కారు సంగతి చెప్పాను. దాని మీద వచ్చినన్ని మెసేజ్‌లు బకాయిల మీద రాలేదు. సగం మంది "అన్నా, ఏం కారు, ఎంత పడ్డది" అని అడిగారు. ఇంకో సగం మంది, పేర్లు చెప్పను, "లేబరోళ్ళ కష్టాలు చెప్పుకుంటూ లెక్సస్‌లో తిరుగుతున్నవా" అన్నారు. ఇద్దరికీ ఈరోజే చెప్తా. నవంబరుతో బండికి ఏడాది నిండింది, లెక్కలన్నీ నోటుబుక్కులో ఉన్నాయి.

కారు లెక్సస్ ఐఎస్ 350, 2017 మోడల్. సెకండ్ హ్యాండ్. చూడ్డానికి మామూలు నాలుగు డోర్ల సెడానే గానీ ముందు 3.5 లీటర్ల వీ6 ఇంజిను ఉంటుంది, 300 హార్స్ పవర్ పైనే. టర్బో లేదు. వెనక చక్రాలు లాగే బండి. లెక్సస్ అంటే టయోటా వాళ్ళ ఖరీదైన బ్రాండ్, 1989లో మొదలైంది. నేను ఇదే వెతకడానికి కారణం కూడా అదే. ఈ ఇంజిను కుటుంబం ఏళ్ళ తరబడి టయోటా బళ్ళలో నడిచింది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో దాని లోతు తెలిసిన మెకానిక్కులు దొరుకుతారు, పాత స్పేర్ పార్టులు కూడా దొరుకుతాయి. జర్మన్ బండి మీద మనసు లేదా అంటే ఉంది. నా జీతానికి ధైర్యం చాలలేదు.

62,000 దిర్హములు పెట్టాను. అప్పటి రేటుకి 14 లక్షల పైచిలుకు. లోను తీసుకోలేదు. ఇక్కడ బ్యాంకు కారు లోను ఇస్తే కనీసం 20 శాతం మనం కట్టాలి, మిగతాది ఐదేళ్ళకు మించకుండా తీర్చాలి. ఐదేళ్ళంటే ఎంతో చూడండి. మన వీసా రెండేళ్ళది, కంపెనీ ప్రాజెక్టు ఏడాదిన్నరది. 2009 ప్రాంతంలో దుబాయ్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో కార్లు వదిలేసి మనుషులు విమానం ఎక్కిన సంగతి పాతోళ్ళకి గుర్తుండే ఉంటుంది. అప్పట్లో చెక్కు బౌన్సయితే జైలు. 2022 జనవరి నుంచి ఆ చట్టం చాలావరకు మారింది, మామూలు బౌన్సుకి క్రిమినల్ కేసు లేదు. కానీ బ్యాంకు కోర్టుకి పోవచ్చు, ట్రావెల్ బ్యాన్ పడొచ్చు. ఇంటి దగ్గర ఎవరికన్నా బాగాలేకపోతే కదలలేకుండా చేసే బండి నాకెందుకు?

కొనేటప్పటి సంగతి కొంచెం వివరంగా చెప్తాను, చాలామందికి పనికొచ్చేది ఇదే.

2024 ఏప్రిల్ 16న పడ్డ వాన గుర్తుందిగా. 1949 నుంచి లెక్కలు రాస్తున్నారు, ఇన్నేళ్ళలో అంత వాన లేదు. అల్ ఐన్ వైపు ఒక్కరోజులో 250 మిల్లీమీటర్లు దాటింది. అండర్‌గ్రౌండ్ పార్కింగుల్లో మునిగిన కార్లు ఎన్నో. నీళ్ళు తాగిన బండిని కూడా కడిగి, పాలిష్ కొట్టి, సెంటు చల్లి అమ్మొచ్చు. అందుకే నేను ఏ బండి చూసినా ముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూసేవాణ్ణి. అందరూ సీట్లు తోముతారు గానీ బెల్టు లోపలి చివర కడగడం మర్చిపోతారు, అక్కడ బురద గీత ఉంటుంది. డిక్కీలో కార్పెట్ ఎత్తి వాసన చూడాలి. ఇంకోటి, జీసీసీ బండా, అమెరికా నుంచి వచ్చిందా అనేది. అక్కడ యాక్సిడెంటయ్యి ఇన్సూరెన్స్ వాళ్ళు వదిలేసినవి ఓడల్లో వచ్చి ఇక్కడ రంగేసుకుంటాయి. ధర తక్కువ చూసి మురిసిపోవద్దు. ఛాసిస్ నంబరుతో యాక్సిడెంట్ చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు.

నా బండి అమ్మిన షోరూం ఆయన "టైర్లు కొత్తవి భాయ్" అన్నాడు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. వంగి చూస్తే నాలుగేళ్ళు దాటినవి. ఇక్కడ ఐదేళ్ళు దాటిన టైరుతో పాసింగ్ కాదు. చూపిస్తే నవ్వి 1,500 తగ్గించాడు. ఆయన మీద కోపమేం లేదు, ఆయన బేరం ఆయనది.

ఇక ఏడాది ఖర్చు. 14,000 కిలోమీటర్లు తిరిగాను. డ్యూటీకి కంపెనీ పికప్ ఉంది, ఇది సాయంత్రాలకి, సెలవులకి. పెట్రోలు 4,300 దిర్హములు, స్పెషల్ 95 చాలు దీనికి. సాలిక్ 900 దాకా అయింది. 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో గేటుకి 6 దిర్హములు చేశారు, మిగతా వేళల్లో 4, రాత్రి ఒంటిగంట నుంచి ఆరు దాకా ఫ్రీ. ఇన్సూరెన్స్ 2,100. పాసింగ్, ముల్కియా కలిపి 550. రెండుసార్లు సర్వీసు, ప్లగ్గులు 1,600. ముందు బ్రేక్ ప్యాడ్లు, మజూరీతో 900. బ్యాటరీ 550. ఈ ఎండకి బ్యాటరీ రెండేళ్ళు వస్తే దండం పెట్టాలి. నాలుగు టైర్లు 2,800. ఈ స్పోర్టీ మోడళ్ళలో ఒక తిరకాసు ఉంది, ముందు టైర్ల కంటే వెనకవి వెడల్పు. మామూలు బండికి చేసినట్టు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చడం కుదరదు. వెనకవి తొందరగా అరుగుతాయి, ధర కూడా వాటిదే ఎక్కువ.

అన్నీ కూడితే 13,700. ఇప్పుడు అమ్మితే 54,000 వస్తుందంటున్నారు, అంటే ఇంకో 8,000 కూర్చోబెట్టే పోయింది. మొత్తం 21,700. మన రూపాయల్లో ఐదు లక్షలు దాటింది. నెలకి 1,800. నేను 2011లో డక్టింగ్ హెల్పరుగా వచ్చినప్పుడు నా జీతం 800. ఈ రెండంకెలూ పక్కపక్కన రాసుకుని ఆ రాత్రి చాలాసేపు చూశాను.

దీంట్లో కులాసా ఎంత అనేది అంకెల్లో రాయలేను. రాత్రి పదకొండింటికి సైటు నుంచి వచ్చి, స్నానం చేసి, ఖాళీ రోడ్డు మీద నలభై నిమిషాలు తిరిగొస్తాను. స్పోర్ట్ మోడ్‌లో పెట్టి నెమ్మదిగా తొక్కినా ఆ వీ6 గొంతు వేరుగా ఉంటుంది. స్పీడు కొట్టను. దుబాయ్‌లో బోర్డు మీద అంకెకి ఇంకో 20 వదులు ఉంది. అబుదాబిలో 2018 నుంచి అదీ లేదు, అక్కడ బోర్డంటే బోర్డే. లిమిటుకి 60 పైన పోతే 2,000 ముఖాలిఫా, 12 బ్లాక్ పాయింట్లు, నెల రోజులు బండి జప్తు. సైలెన్సర్ మార్చి మోత చేసినా 2,000, 12 పాయింట్లు. 24కి లైసెన్సు పోతుంది. నాకు లైసెన్సు అంటే అన్నం గిన్నె. ఫోర్‌మన్ అయ్యింది డ్రైవింగ్ వచ్చు కాబట్టే. వాన పడితే ఇంకా జాగ్రత్త. నెలల తరబడి పేరుకున్న దుమ్మూ, ఆయిలూ మొదటి వానకి సబ్బు నురగలా అవుతాయి. వెనక చక్రాలు లాగే బండి అప్పుడు తోక ఊపుతుంది.

జబల్ హఫీత్ ఘాట్ రోడ్డుకి పోయిన చలికాలంలో క్యాంపు పిల్లలు ముగ్గుర్ని తీసుకెళ్ళాను. పన్నెండు కిలోమీటర్లకి కొంచెం తక్కువ, అన్నీ మలుపులే. వెనక సీటు ఇరుకు, పొడుగాయన మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పైన టీ తాగి ఫోటోలు దిగారు. అసలు తంటా ఆ ఫోటోల దగ్గరే వచ్చింది.

ఒక ఫోటో స్టేటస్‌లోంచి స్టేటస్‌లోకి పోయి మా ఊరు చేరింది. వారంలో ముగ్గురు అప్పు అడిగారు. ఒకాయన అయితే ఆడపిల్ల పెళ్ళి కార్డు పంపి "నీకు లెక్కనా బిడ్డా" అన్నాడు. అంతకంటే పెద్ద సంగతి, ఆ ముగ్గుర్లో ఒక తమ్ముడు స్టీరింగ్ ముందు కూర్చున్న ఫోటోని పెళ్ళి సంబంధానికి పంపాడు. అమ్మాయి వాళ్ళు నాకే ఫోన్ చేసి, "అబ్బాయిది సొంత కారేనా" అని అడిగారు. ఆ పిల్లాడికి 1,400 జీతం, ఏజెంటు అప్పు ఇంకా ఉంది. "ఆ బండి నాదమ్మా, అబ్బాయి మంచోడు, కష్టపడతడు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తమ్ముడు నెల రోజులు నాతో మాట్లాడలేదు. సంబంధం పోలేదు, ఇంకా నడుస్తోంది. ఫోటో చూసి కన్నబిడ్డని ఇచ్చి, తర్వాత అప్పులు లెక్కపెట్టుకున్న ఇళ్ళు మా జగిత్యాల వైపు నాకు తెలిసినవే కొన్ని ఉన్నాయి. అప్పట్నుంచి బండి దగ్గర ఫోటో దిగొద్దని అనను గానీ, నంబరు ప్లేటు, స్టీరింగ్ వద్దంటాను.

ఫిబ్రవరిలో మా బాపు విజిట్ వీసా మీద వచ్చాడు. ఆయన 1994 నుంచి 2006 దాకా దేరాలో ఒక బిల్డింగ్ కింద కార్లు కడిగాడు. తెల్లారుజామున మూడింటికి లేచి, ఏడింటిలోపు ముప్పై కార్లు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తుంటే అద్దంలోంచి కాకుండా డోరు సందులూ, డాష్‌బోర్డు మూలలే చూస్తున్నాడు. రేటు అడిగాడు, చెప్పాను. వేళ్ళ మీద లెక్కేసి, "మనూరి రేటుకు పదహారు గుంటలు" అన్నాడు. ఇంకేం అనలేదు. పొద్దున నేను లేచేసరికి కింద బండి కడిగి ఉంది. "పొడి బట్టతోని తుడవకురా, ఇసుక గీకుతది. ముందుగల నీళ్ళు పొయ్యాలె" అని చూపించాడు. ఉన్న నెల రోజులూ నన్ను బకెట్టు ముట్టనివ్వలేదు. ఆపమని ఒకసారి గట్టిగానే అన్నాను. "పైసలకు కడిగిన, ఇప్పుడు నా కొడుకుది కడుగుతున్న, నీకేంది" అన్నాడు. ఇక ఊరుకున్నాను.

ఇప్పుడు ఆ రెండో సగం మందికి. చెల్లె పెళ్ళి అప్పు తీరింది, ఇంటికి స్లాబు పడింది, పిల్లల పేరు మీద కొంత ఉంది, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పక్కన ఉంది. వీటి తర్వాతే బండి. ఇవి కాకుండా కొంటానని నా దగ్గరికొచ్చిన తమ్ముళ్ళకి వద్దనే చెప్పాను, మీక్కూడా అదే చెప్తా. కానీ లేబరుగా వచ్చినోడు జీవితాంతం పంపుతూనే ఉండాలి, తనకంటూ ఒక్కటి కూడా ఉంచుకోకూడదు అనే మాట నేను ఒప్పుకోను. కంపెనీ మేనేజరు అదే బండి కొంటే ఎవరూ లెక్క అడగరు.

"కార్ లిఫ్ట్ నడుపుకో అన్నా, ఖర్చు వెళ్ళిపోతది" అని కొందరు సలహా ఇచ్చారు. పర్మిట్ లేకుండా డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటే 3,000 ఫైను, ఒక్కసారే 24 పాయింట్లు. ఆ దారి వద్దు.

ఇండియాకి తెచ్చుకోవచ్చా అని నిజామాబాద్ అన్న ఒకాయన అడిగాడు. కుదరదన్నా. మన దేశంలోకి వాడిన కారు రావాలంటే మూడేళ్ళ లోపుది, కుడివైపు స్టీరింగ్ ఉన్నది అయ్యుండాలి. ఇది ఎడమవైపుది, పైగా ఎనిమిదేళ్ళ పాతది. నేను పోయినరోజు ఇది ఇక్కడే ఉండాలి. వీసా క్యాన్సిల్ అయ్యాక గ్రేస్ పీరియడ్‌లో హడావిడిగా అమ్మితే ధర సగానికి కోస్తారు, పైగా ఫైన్లన్నీ కట్టేస్తే గానీ పేరు మారదు. అందుకే ప్రాజెక్టు అయిపోయే నాలుగు నెలల ముందే అమ్మకానికి పెడతా. మా ప్రాజెక్టు వచ్చే ఆగస్టుకి అయిపోతుంది. అంటే ఏప్రిల్.

కొనాలనుకునే వాళ్ళు అప్పుడు అడగండి, టైర్ల తేదీ నేనే చూపిస్తా. వచ్చేవారం గ్రాట్యుటీ లెక్క ఎట్లా కడతారో చూద్దాం, మీ బేసిక్ ఎంతో కాంట్రాక్టు కాగితంలో చూసి పెట్టుకోండి.