జవాను నడుము కొలత

వీపున బరువు, చేతిలో రైఫిలు, 5 కిలోమీటర్ల పరుగు. ఆపైన తాడు ఎక్కాలి, 9 అడుగుల కందకం దూకాలి. మన సైన్యంలో జవాన్లకు ఏళ్ల తరబడి పెట్టిన పరీక్ష ఇది. ఇంత చేసేవాళ్లకీ షుగరొస్తుందా? వస్తుంది.

సరిహద్దులో ఉన్నన్నాళ్లూ తిన్నది తిన్నట్టు ఖర్చవుతుంది. నలభై దగ్గరపడి, ఆఫీసు కుర్చీలోకి మారాక పళ్లెం మారదు, పరుగు తగ్గుతుంది. కొవ్వు పొట్టలోపల, కాలేయంలో పేరుకుంటుంది. ఇక ఇన్సులిన్ మాట కండరాలు సరిగా వినవు. తూకాన్నే నమ్ముకుంటే లాభం లేదు, కండ పట్టిన మనిషీ బరువే తూగుతాడు. నడుము కొలవాలి. బెల్టు పెట్టుకునే చోట కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక. పొట్ట లోపలికి పీల్చడాలు పనికిరావు! మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 100 నుంచి 125 మిల్లీగ్రాములుంటే షుగరు ముందు దశ. ఈ దశలో కదలిక పనికొస్తుంది: కదిలే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. అందుకే భోంచేశాక కాసేపు నడవమనేది.

సర్వీసులో ఉండగా వైద్య పరీక్షకు పిలుపొస్తుంది. రిటైరై ఊరొచ్చాక ఎవరూ పిలవరు. మాజీ సైనికులు తమ ఆరోగ్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి వెళ్లినప్పుడు చక్కెరతోపాటు నడుమూ చూపించుకోవచ్చు.