రెండు తాళపుచెవులు



మన పల్లెలలోని సహకార సంఘముల యినుపపెట్టెను మీలో పలువు రెరుగుదురు. కొన్ని సంఘములలో ఆ పెట్టెకు రెండు తాళపుచెవు లుండెడివి. ఒకటి అధ్యక్షుని యొద్దను, రెండవది కార్యదర్శి యొద్దను ఉండెడిది. ఇద్దరును కలిసిననే గాని పెట్టె తెరువబడదు. ఈ యేర్పాటు ఒకరిమీది అవిశ్వాసముచేత పుట్టినది కాదు. ఎంతటి మంచివాడైనను ఒక్కొకప్పుడు మోసపోవునని యెరిగిన పెద్దల వివేకముచేత పుట్టినది.

నేడు ఆ పెట్టె కంప్యూటరులోనికి చేరుచున్నది. 2022వ సంవత్సరము జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము దేశమునందలి సుమారు 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరుల క్రిందికి తెచ్చు పథకము నామోదించినది. ఇందువలన లెక్కలు త్వరగా తేలును, సంతోషమే. కాని తాళపుచెవి యిప్పుడెవరి చేతనున్నది, ఆ చేతికి తగిన శిక్షణ కలదా యని విచారించుట సంఘమునకు పెద్దలైన మీ విధి. నేటి నా ప్రసంగమునకు విషయ మిదియే.

కన్నపుదొంగ గోడను త్రవ్వును. కంప్యూటరు దొంగ తరచుగా గోడజోలికి పోడు. లోపలనున్న గుమాస్తాచేతనే తలుపు తీయించును. పై యధికారి పేరిట ఒక ఈమెయిలు వచ్చును. "దీనిని వెంటనే చూడవలయును" అని యందుండును. గుమాస్తా దానిని తెరచినచో ఒక దొంగ ప్రోగ్రాము లోపల ప్రవేశింపవచ్చును. పిమ్మట ఆ దొంగ దూరదేశమున కూర్చుండియే గుమాస్తా కొట్టు పాస్‌వర్డును గ్రహించి, అదను కొరకు వారములకొలది వేచియుండును.

ఇది కల్పన కాదు. హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకునుండి 2022 జనవరిలో పండ్రెండు కోట్ల రూపాయలకు పైగా అపహరింపబడినది. అంతకు ముందటి నవంబరులో ఉద్యోగులకు వచ్చిన మోసపుటీమెయిళ్లే దానికి ద్వారమైనవని పోలీసుల విచారణలో తేలినది.

2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశపు కేంద్ర బ్యాంకునకు జరిగినది మరింత గ్రహింపదగినది. దొంగలు వారాంతపు సెలవులు చూచుకొని, ఆ బ్యాంకు పేరిట న్యూయార్కునకు దాదాపు 95 కోట్ల డాలర్లకు ఉత్తరువులు పంపిరి. ఢాకాలో ఆ ఉత్తరువుల నచ్చువేయు ముద్రణయంత్రము నిలిచిపోయినది. అక్కడివారు అది మామూలు చెడుపే యని యెంచిరి. 8 కోట్ల 10 లక్షల డాలర్లు మనీలా నగరపు ఖాతాలకు పోయినవి. కాని శ్రీలంకకు పోవుచున్న 2 కోట్ల డాలర్లు నిలిచినవి. ఎందుచేత? ఉత్తరువులో ఒక్క మాటకు అక్షరదోషముండగా, నడుమనున్న బ్యాంకువారు దానిని సందేహించి విచారించిరి. ఒకచోట వింతను మామూలనుకొనుటచేత నష్టము. వేరొకచోట వింతను వింతగా గుర్తించుటచేత లాభము. శిక్షణయనగా ఈ గుర్తించు శక్తిని అలవరచుటయే.

ఇక నా యనుభవము నొకదానిని మనవిచేసెదను. నేను కొన్ని సంవత్సరములుగా సహకార సంస్థల యుద్యోగులకు ఈ పాఠములు చెప్పుచున్నాను. ఒకచోట పరీక్షార్థమై "జీతముల సవరణ" యను పేరిట నేనే యొక దొంగయుత్తరము కల్పించి ఉద్యోగులందరికిని పంపితిని. సగమునకు పైగా తెరచిరి. వారిలో ఒక వృద్ధ గుమాస్తా మాత్రము తనంత తాను వచ్చి, "అయ్యా, నేనేదో పొరపాటు చేసితిననిపించుచున్నది" అని చెప్పెను. అధ్యక్షులవారు అందరి యెదుటను "ముప్పది యేండ్ల యనుభవ మింతేనా?" అని నవ్విరి. వారింపవలసిన నేనును చిరునవ్వు నవ్వితిని.

ఆరు నెలల పిమ్మట మరల పరీక్షించితిని. తెరచినవారి సంఖ్య తగ్గినది. నేను పొంగిపోతిని. తెరచినవారిలో ఒక్కరును వచ్చి చెప్పలేదని ఆ రాత్రి గాని నాకు తోచలేదు. ఆ వృద్ధుడును వారిలో నుండెను. ఏకాంతమున నడుగగా, "చెప్పినవాడే గదా బాబూ, నగుబాటైనది" అనెను. నాకు సమాధానము దొరకలేదు. నేను వారికి జాగరూకత నేర్పితి ననుకొంటిని, నేర్పినది దాచుకొనుట.

నాటినుండి నేను మొదట పాఠము చెప్పునది ఉద్యోగులకు గాదు, పాలకవర్గమునకు. ఇంటిచూరు అంటుకొన్నపుడు కేకవేసిన పిల్లవానిని, దీపమెందుకు ముట్టితివని ముందుగా కొట్టుదుమా? మంట యార్చిన పిమ్మటనే విచారణ. పోయిన సొమ్ము చేతులు మారకముందే నిలుపవలయునన్న ప్రతి నిమిషమును విలువైనదే. ఇందుకొరకే 1930 అను టెలిఫోను సంఖ్య యేర్పడినది. ఇట్టి దాడులను ఆరు గంటలలో తెలియజేయవలెనని ప్రభుత్వ సంస్థయగు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిలులో సంస్థల నాదేశించినది. గుమాస్తా భయపడి రెండు దినములు దాచినచో ఈ యేర్పాటులన్నియు వ్యర్థములు.

రెండవ పాఠము తిరిగి యడుగుట. సొమ్ము పంపుమని ఎవరి పేరిట ఉత్తరువు వచ్చినను, అందులోని సంఖ్యకు గాక, మన పుస్తకములోనున్న పాత సంఖ్యకు ఫోను చేసి నిర్ధారణ చేసికొనవలయును. ఇట్లు అడిగిన గుమాస్తాను అవిధేయుడని కోపింపరాదు. మూడవది, పెద్ద మొత్తములకు ఇద్దరి యనుమతి. ఒకరి పాస్‌వర్డు మరియొకరికి చెప్పకుండుట. నాలుగవది, లెక్కల ప్రతి నొకదానిని కంప్యూటరునకు సంబంధము లేకుండ వేరుచోట నుంచుట. కాగితముమీద పని నడపుట నప్పుడప్పుడు అభ్యసించుట. 2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యశాల కంప్యూటరులు దాడికి గురికాగా, వారు దినములకొలది చేతివ్రాతతోనే రోగులను చూడవలసివచ్చెను.

పెద్దలారా! కంప్యూటరు విద్య మాకు తెలియదని మీరు సంకోచింపవలదు. రాబోవు సర్వసభ్య సమావేశమున లేచి మూడు ప్రశ్నలు వేయుడు: ఉద్యోగులకు ఏటేట శిక్షణ యిచ్చుచున్నారా? సొమ్ము కదలుటకు ఇద్దరి చేయి కావలెనా? తప్పు చేసితినని వచ్చి చెప్పిన గుమాస్తాను మీరేమి చేసితిరి? మూడవ ప్రశ్నకు వచ్చు సమాధానమును శ్రద్ధగా వినుడు. మీ సంఘపు సొమ్ము ఎంత భద్రముగా నున్నదో దానివలననే తెలియగలదు.