తుంటి ఆపరేషన్ అయినంక ఇంటికాడ



మన ఊళ్లల్ల ఒక మాట వింటుంటం. "ముసలవ్వ కాలు జారి పడ్డదట, మంచం పట్టిందట" అంటరు. ఇగ లేవదు అన్నట్టే అంటరు. ఒకప్పుడు అది నిజమే. తుంటి బొక్క విరిగిన అవ్వలు మంచంలనే ఉండి, పుండ్లు పడి, నెమ్ము చేరి చనిపోయేవాళ్లు. ఇప్పుడు అట్ల కాదు. తుంటి కీలు మార్చే ఆపరేషన్ ఉన్నది. పడ్డ అవ్వలు లేచి నడుస్తున్నరు.

కానీ ఒక ముచ్చట గుర్తు పెట్టుకోవాలె. డాక్టర్ పని గంట, రెండు గంటల్ల అయిపోతది. ఇంటివాళ్ల పని మూడు నెలలు ఉంటది. ఆ మూడు నెలల ముచ్చటే ఈ దినం చెప్పుకుందాం.

జగిత్యాల దిక్కు ఒక ఊరు అనుకోండి. ఆ ఊళ్లె ఒక అవ్వ ఉన్నదనుకోండి. బీడీలు చేసి పిల్లలను సాదింది. పేరుతో పని లేదు, అవ్వ అనే అందాం. ఇది ఒక్క అవ్వ కథ కాదు. చాలా ఇండ్లల్ల జరిగేదే.

ఒకనాడు పొద్దుగాల నీళ్లు పోసుకునే కాడ అవ్వ జారి పడ్డది. అక్కడ నాచు ఉండె. లేవబోతే లేవరాలేదు. కాలు పొట్టిగైనట్టు, బయటికి తిరిగినట్టు ఉన్నది. "బెణికింది, తోమితే పోతది" అన్నరు చుట్టుపక్కలోళ్లు. రెండు దినాలు తోమించిన్రు. నొప్పి ఎక్కువైంది. అప్పుడు కొడుకు దవాఖానకు తీసుకపోయిండు. ఎక్స్‌రే తీసిన్రు. తుంటి బొక్క మెడ కాడ విరిగింది.

తుంటి అంటే ఏమిటిది? మన తొడ బొక్క పైన ఒక గుండు ఉంటది. నడుము బొక్కల ఒక చిప్ప ఉంటది. చిప్పల గుండు తిరుగుతది. అందుకే మనం నడుస్తం, కూసుంటం, వంగుతం. గుండు కింద ఉన్న మెడ విరిగితే గుండుకు రక్తం అందదు. ముసలితనంల ఆ బొక్క అతుకుడు కష్టం. అందుకే ఆ గుండు తీసేసి, లోహం గుండు పెడతరు. చిప్ప కూడ అరిగి ఉంటే దాన్ని కూడ మారుస్తరు.

ఈ ఆపరేషన్‌కు ఇప్పటి తీరు తెచ్చినాయన ఇంగ్లాండ్ డాక్టర్ జాన్ చార్న్‌లీ. మొదట ఆయన టెఫ్లాన్‌తో చిప్ప చేసిండు. ఇప్పుడు నాన్‌స్టిక్ పెనాలకు పూసేది అదే. అది తొందరగ అరిగిపోయింది. పెట్టినవాళ్లకు మళ్లా ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆయన తప్పు ఒప్పుకున్నడు, పని ఆపలేదు. 1962లో గట్టి ప్లాస్టిక్ చిప్ప పెట్టిండు. అది నిలిచింది. ఇప్పుడు పెట్టే కీళ్లు చాలా మందికి పదిహేను, ఇరవై ఏండ్లు, ఇంకా ఎక్కువ కూడ పని చేస్తున్నయి.

ఈ ఆపరేషన్ ముసలోళ్లకే అనుకోవద్దు. ఆదిలాబాద్ దిక్కు గోండు, కొలాం గూడేలల్ల కొందరికి సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉంటది. రక్త కణాలు కొడవలి లెక్క వంగి, సన్నని నాళాలల్ల ఇరుక్కుంటయి. తుంటి గుండుకు రక్తం అందక అది చచ్చిపోతది. అందుకే ఇరవై, ముప్పై ఏండ్ల పిల్లలు కూడ కుంటుతరు. వాళ్లల్ల కొందరికి తుంటి మార్చవలసి వస్తది. అట్లాంటివాళ్లు ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌కు తమ జబ్బు చెప్పాలె. ఇంటికి వచ్చినంక నీళ్లు బాగ తాగాలె. చలికి తట్టుకునేటట్టు కప్పుకోవాలె. ఈ జబ్బు పోగొట్టేటందుకు దేశంల 2023 జూలై 1న ఒక పెద్ద కార్యక్రమం మొదలైంది. రక్త పరీక్ష ఎక్కడ చేస్తరో ఆశా కార్యకర్తను అడగాలె.

ఖర్చు సంగతి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెలంగాణల 2023 డిసెంబర్ 9 నుంచి ఏడాదికి ఒక కుటుంబానికి 10 లక్షల రూపాయల దాక పెంచిన్రు. ఏ ఆపరేషన్ ఏ దవాఖానల ఆరోగ్యశ్రీ కింద అయితదో దవాఖానల ఉండే ఆరోగ్యమిత్రను ముందే అడగాలె. అప్పు చేసే ముందు ఈ ఒక్క మాట అడిగితే చాలు.

ఇగ అవ్వ ముచ్చటకు వద్దాం. ఆపరేషన్ అయిన మరునాడే నర్సమ్మ వచ్చి అవ్వను నిలబెట్టింది. వాకర్ పట్టించి నాలుగు అడుగులు వేయించింది. కోడలు భయపడ్డది. "ఇప్పుడేనా?" అన్నది. "మంచంల పడుకుంటేనే భయం. నడిస్తే భయం లేదు" అన్నది నర్సమ్మ. కొద్ది రోజులకు ఇంటికి పొమ్మన్నరు.

పోయేటప్పుడు ఒక కాగితం ఇచ్చిన్రు. అది ఇంగ్లీషుల ఉన్నది. కోడలు రాత్రి బడిల చదువు నేర్చుకున్న మనిషి. ఆమె సిగ్గుపడలేదు. "నర్సమ్మా, ఇండ్ల ఏమున్నదో చెప్పు, నేను తెలుగుల రాసుకుంట" అన్నది. గోలీల పేర్లు, పూట, కుట్లు విప్పే తేదీ, మళ్లా చూపించుకునే తేదీ రాసుకున్నది. ఇంటికి వచ్చినంక గోడ మీద సుద్దముక్కతో మూడు మాటలు రాసింది.

వంగొద్దు.
కాలు మీద కాలు వేయొద్దు.
పాదం లోపలికి తిప్పొద్దు.

ఈ మూడు ఎందుకు? కొత్తగ చౌకట్ పెడితే గోడ గట్టిపడే దాక దాన్ని ఊపుతమా? ఊపం. తుంటి కూడ అంతే. చుట్టు కండలు కోసి కుట్టిన్రు. అవి గట్టిగ పట్టుకునే దాక గుండు చిప్పల నుంచి జారే ప్రమాదం ఉంటది. కుర్చీల నిటారుగ కూసుంటే తొడకూ పొట్టకూ నడుమ ఎంత ఎడం ఉంటదో, అంతకంటె తక్కువ కావద్దు. మోకాలు తుంటికంటె పైకి రావద్దు. మామూలుగ ఆరు వారాల నుంచి మూడు నెలల దాక ఈ జాగ్రత్త చెప్తరు. కోత ఏ దిక్కున పెట్టిన్రో దాన్ని బట్టి కొన్ని మారుతయి. అందుకే మీ డాక్టర్ చెప్పిందే ఆఖరు మాట. ఎన్ని వారాలు, ఏమేం వద్దు, కాలు మీద ఎంత బరువు వేయాలె - ఈ మూడు అడగకుంట దవాఖాన గడప దాటొద్దు.

ఆలోచించండి అక్కలారా. మన బతుకంత కిందనే ఉంటది. కింద కూసొని తింటం. కింద కూసొని బీడీలు చేస్తం. వంగి ఊడుస్తం, వంగి ముగ్గు వేస్తం. కుక్క గొంతుక కూసొని బోళ్లు తోముతం. లెట్రిన్ల కూడ అట్లనే కూసుంటం. ఇవన్నీ ఆ మూడు వద్దుల కిందికే వస్తయి. అంటే అవ్వ ఒక్కతె మారితే సరిపోదు. ఇల్లు మారాలె.

ఆ ఇంట్ల ఏం మార్చిన్రో చూడండి. నులక మంచం గుంత పడి ఉండె. దాన్ని తీసి గట్టి చెక్క మంచం వేసిన్రు. చేతులున్న ఎత్తు కుర్చీ తెచ్చిన్రు. నేల మీది బొంతలు, గోనె సంచులు తీసేసిన్రు. కాళ్లకు చుట్టుకునే కరెంటు వైర్లు పక్కకు జరిపిన్రు. నీళ్లు పోసుకునే కాడ నాచు గీకిన్రు. రాత్రి చిన్న లైటు వేసిపెట్టిన్రు. లెట్రిన్ మీద పెట్టేటందుకు నడుమ రంధ్రం ఉన్న గట్టి ఇనుప కుర్చీ తెచ్చిన్రు. కూసుంటే ఊగని కుర్చీ అయి ఉండాలె. స్నానం కూడ ఎత్తు కుర్చీ మీదనే. గాయం మానే దాక తడవొద్దు.

ఈ కుర్చీ, వాకర్ కొనుడు అందరితోని కాదు. మహిళా సంఘం వాళ్లు కలిసి ఒక్కొక్కటి కొని పెట్టుకుంటే ఊరంతటికీ పనికి వస్తయి. ఒక అవ్వ లేచినంక ఇంకొక అవ్వకు ఇయ్యొచ్చు.

నడిచే తీరు కూడ నేర్చుకోవాలె. ముందు వాకర్ జరపాలె. తర్వాత ఆపరేషన్ కాలు వేయాలె. తర్వాత మంచి కాలు. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. తిరిగేటప్పుడు నిలబడి గిర్రున తిరగొద్దు, చిన్న చిన్న అడుగులతో తిరగాలె. కట్టె పట్టుకునే రోజు వచ్చినప్పుడు ఆపరేషన్ కాలుకు అవతలి దిక్కు చేతిల పట్టుకోవాలె. పడుకుంటే రెండు కాళ్ల నడుమ మెత్త పెట్టుకోవాలె. మంచంల ఉన్నప్పుడు గంట గంటకూ పాదాలు పైకి కిందికి ఆడించాలె. అట్ల చేస్తే కాలుల రక్తం గడ్డ కట్టదు. దినం కొంచెం కొంచెం నడక పెంచాలె.

తిండి విషయంల మనకు పాత భయాలు ఉన్నయి. "పప్పు తింటే చీము పడతది, గుడ్డు వద్దు, వంకాయ వద్దు" అంటరు. అది తప్పు. గాయం మానాలంటే పప్పు, గుడ్డు, పాలు, కూరగాయలు కావాలె. చేప, మాంసం తినేటోళ్లు అవి కూడ తినొచ్చు. నొప్పి గోలీలతో మలం గట్టిపడతది. నీళ్లు, ఆకుకూర ఎక్కువ తీసుకోవాలె. షుగర్ ఉన్నోళ్లు దాన్ని అదుపుల పెట్టాలె. లేకుంటే గాయం మానదు. గాయం మీద పసుపు, ఆకు పసరు పెట్టొద్దు. కాలు తోమించొద్దు, గుంజించొద్దు. రక్తం గడ్డ కట్టకుంట ఇచ్చిన గోలీలు నొప్పి తగ్గిందని మధ్యల ఆపొద్దు.

ఇగ ఈ గుర్తులు కనబడితే ఆలస్యం చేయొద్దు. గాయం ఎర్రబడి చీము కారుతున్నది. జ్వరం వస్తున్నది. పిక్క వాచి నొస్తున్నది. ఉన్నట్టుండి దమ్ము వస్తున్నది, ఛాతిల నొప్పి వస్తున్నది. ఉన్నట్టుండి తుంటిల పెద్ద నొప్పి లేచి, కాలు పొట్టిగైంది, అడుగు పడుతలేదు. ఇండ్ల ఏ ఒక్కటి ఉన్నా దవాఖానకు పోవాలె. దమ్ము వచ్చినా, అడుగు పడకున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలె.

ఇప్పుడు అసలు కష్టం చెప్పుకుందాం. ఇరవయ్యో దినం. అవ్వ నొప్పి తగ్గింది. కుట్లు విప్పిన్రు. కోడలు చాకిరిల పడి బీడీలు సగానికి సగం తగ్గినయి. కూలి తగ్గింది. అవ్వకు మనసు ఆగలేదు. "ఉట్టిగ కూసొని తింటున్న" అనుకున్నది. మధ్యాహ్నం ఎవ్వరు లేనప్పుడు చాట తీసుకున్నది. గోడకు ఆనుకొని మెల్లగ కింద కూసోబోయింది. బిందె తీసుకొని వచ్చిన కోడలు చూసింది.

"అత్తమ్మా, ఆగు! గోడ మీద ఏం రాసి ఉన్నది?"

"నాకు చదువు వస్తదా బిడ్డా?"

"నాకు వస్తది గదా. వంగొద్దు అని ఉన్నది. ఇప్పుడు కీలు జారిందంటే మళ్లా దవాఖాన. మళ్లా మూడు నెలలు. అప్పుడు నీకూ బీడీలు ఉండవు, నాకూ ఉండవు."

అవ్వ కండ్లల్ల నీళ్లు వచ్చినయి. ఆ రాత్రి కోడలు మొగనితోని మాట్లాడింది. "ఆమె నీ తల్లి. నా రెండు చేతులు సరిపోతలేవు" అన్నది. కొడుకు మొదట ఊకున్నడు. మొగోడు ఊడిస్తే ఊరోళ్లు నవ్వుతరనుకున్నడు. నవ్విన్రు కూడ. నాలుగు దినాలు నవ్వి మానుకున్నరు. కొడుకు వాకిలి ఊడిసిండు, నీళ్లు తెచ్చిండు, అవ్వకు స్నానం నీళ్లు కాగబెట్టిండు. మనుమడు బోళ్లు తోమిండు. కోడలుకు రెండు పూటలు బీడీలు చేసుకునే తీరిక దొరికింది.

అవ్వ సంగతి? డాక్టర్‌ను అడిగిన్రు. ఎత్తు కుర్చీల కూసొని, చాట బల్ల మీద పెట్టుకొని చేసుకోవచ్చు అన్నడు. కానీ అరగంట, ముప్పావు గంటకు ఒకసారి లేచి నడవాలె అన్నడు. కింద కూసొనుడు మాత్రం వద్దన్నడు. చాలా మందికి ఎప్పటికీ వద్దనే చెప్తరు. అవ్వ మొదట కష్టపడ్డది. తర్వాత అలవాటైంది.

ఒకసారి బొక్క విరిగినోళ్లకు ఇంకొకసారి విరిగే భయం ఉంటది. అందుకే బొక్కలకు బలం మందులు కావాల్నా అని డాక్టర్‌ను అడగాలె. కండ్లు చూపించుకోవాలె. కొంచెం ఎండ తగలాలె.

బతుకమ్మ పండుగ వచ్చింది. అప్పటికి అవ్వకు మూడు నెలలు నిండినయి. కట్టె పట్టుకొని పోయింది. వంగి ఆడలేదు. అందరూ తిరుగుతుంటే ఒక పక్కన నిలబడి పాట ఎత్తుకున్నది. అలసినప్పుడు కూసునేటందుకు మనుమడు కుర్చీ తెచ్చి పెట్టిండు.

అక్కలారా! మన ఇండ్లల్ల అందరి నొప్పి చూసినంకనే ఆడదాని నొప్పి చూస్తరు. ఆమె కూడ దాచుకుంటది. "తగ్గింది" అని చెప్పి లేచి చీపురు పడతది. తుంటి మార్చినంక అట్ల చేస్తే నడవాల్సిన కాలు మళ్లా మంచం ఎక్కుతది. మూడు నెలలు ఆమెను కూసోబెట్టుడు దయ కాదు. అది కూడ మందే.

ఈ పాఠం మీరు చదివిన్రు గదా. ఇంట్ల మొగోళ్లకు కూడ చదివి వినిపించండి. పక్కింట్ల అవ్వ ఆపరేషన్ చేసుకొని వస్తే, ఆ మూడు మాటలు వాళ్ల గోడ మీద మీ చేతితోని రాయండి.